టేపు మీద తెలుగు అక్షరము

వరంగల్లు కొత్తవాడ మగ్గములమీద నేసిన దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి శ్రోతలు ఎరిగినదే. దర్రీని చుట్టి అట్టపెట్టెలో పెట్టిన పిమ్మట ఆ పెట్టె మూతిని మూయునది టేపు. దానిమీద ఊరిపేరు, సంఘము పేరు అచ్చయి ఉన్నచో సరకు ఎవరిదో తెలియును; దారిలో ఎవరైనను విప్పి మామూలు టేపు అంటించినచో అదియు తెలిసిపోవును.

నేతపనివారి సంఘ మొకటి సుబేదారిలోని డీటీపీ దుకాణమునకు వచ్చి ఇట్టి టేపునకు నమూనా చేయించుకొన్నదనుకొందాము. (నిజాం కాలపు సుబేదారు పదవి ఈ పేటకు పేరై మిగిలినది.) టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లు, చుట్ట పొడవు 65 మీటర్లు. నమూనా 30 సెంటీమీటర్లకు ఒకసారి మరల వచ్చినచో ఒక్క చుట్టలో 216 పర్యాయములు పడును. 72 చుట్టలు వేయించినచో 15,552. తెరమీద ఎవరికంటను పడని ఒక్క తప్పు అన్నిసార్లు సంఘము సొమ్ముతో అచ్చగును.

ఈ అచ్చు పుస్తకముల అచ్చు వంటిది కాదు. రబ్బరు ముద్రవలె మెత్తగా, ఉబ్బెత్తుగా ఉండు పలకను సిలిండరుకు చుట్టి పలుచని ప్లాస్టిక్ పొరమీద దొర్లింతురు. దీనికి ఫ్లెక్సో ముద్రణ అని పేరు. ఒత్తిడికి పలక కొంచెము పరచుకొనును, సిరా గీత దాటి పాకును. ఇంగ్లీషు పెద్ద అక్షరములకు దీనివలన అంతగా చిక్కు లేదు. మన లిపి సంగతి వేరు. 'ధ'కును 'థ'కును భేద మంతయు నడుమనున్న చుక్కలో ఉన్నది; 'ప'కును 'ష'కును లోపలి చిన్న గీతలో ఉన్నది. సున్న కడుపు పూడినచో 'వరంగల్' నడుమ నల్లని బొట్టు మిగులును. కనుక సన్నని సొగసు ఫాంట్లు ఇచట పనికిరావు. అక్షరము పెద్దదిగా, లోపలి ఖాళీలు విశాలముగా, ఒత్తులు దిటవుగా ఉండవలెను. రంగు నేలమీద తెల్లని అక్షరములు మరింత త్వరగా పూడును. తోరణపు బొమ్మ వేయదలచినచో దాని చెక్కడములు వదలి ఆకారము మాత్రమే గీయుట మంచిది.

రెండవ చిక్కు ఫాంటుది. మన దుకాణములలో అను ఫాంట్ల వాడుక విస్తారము. ఆ ఫాంటు లేని ముద్రణాలయపు కంప్యూటరులో ఫైలు తెరచినచో తెలుగు పోయి అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. అందుచేత పంపుటకు ముందు అక్షరములను కర్వ్స్‌గా మార్చవలెను. మార్చిన పిమ్మట దిద్దుటకు వీలు ఉండదు గనుక దిద్దదగిన ప్రతిని వేరుగా దాచవలెను.

రెండు రంగులు ఒకదానిప్రక్క ఒకటి వచ్చుచోట నేతగాని ఉపాయమే శరణ్యము. ఇంటర్‌లాక్ దర్రీలో రంగు మారుచోట పేకపోగులను ఒకదానితో ఒకటి పెనవేయుదురు. లేనిచో అచట చీలిక మిగులును. అచ్చులోను అంతే. లేతరంగును ముదురురంగు అంచు క్రిందికి వెంట్రుకవాసి చొప్పించవలెను. గోధుమరంగు టేపుమీద పసుపు మకిలగా తోచును. నలుపో ఎరుపో నిలుచును.

నమూనా పొడవు సిలిండరు చుట్టుకొలతకు సరిపడవలెను గనుక గీయుటకు ముందే ముద్రణాలయమును అడుగవలెను. పలకను చుట్టినపుడు బొమ్మ పొడవునకు కొంత సాగును, సున్నలు కోడిగ్రుడ్డు వలె అగును. దానికి తగిన తగ్గింపు చేయవలసినవారు ముద్రణాలయమువారే; మనముకూడ చేసినచో రెండుసార్లు తగ్గును. టేపును పెద్ద చుట్టనుండి కోయుదురు గనుక ఇరువైపుల అంచులకు 3 మిల్లీమీటర్ల మేర ఖాళీ విడువవలెను.

చివరకు నమూనాను అసలు కొలతలో కాగితముపై తీసి, కత్తిరించి, అట్టపెట్టెకు అంటించి, అక్షరములు కూర్చినవారు కాక వేరొకరు చదువవలెను. ఫోను నంబరును అంకె అంకెగా పైకి చదువుట మేలని మా అభిప్రాయము. ఆ పిమ్మటనే పలక తయారీకి అనుమతి ఈయవలెను. మూల ఫైలు ప్రతి ఒకటి సంఘము వద్దనే ఉండవలెను. నంబరు మారిన నాడు అది అక్కరకు వచ్చును.