గది ఖాళీ చేసినా చేతిలోనే తాళం చెవి!

లాడ్జిలో గది ఖాళీ చేసిన వ్యక్తి తాళం చెవి తిరిగి ఇవ్వలేదనుకోండి. మర్నాడు వచ్చి తలుపు తీస్తే గది ఖాళీగా ఉండొచ్చు. లేదా అందులో వేరొకరి సామాను ఉండొచ్చు. సీ, సీ++ భాషల్లో రాసిన ప్రోగ్రాముల్లోనూ ఇలాంటి పొరపాటు జరుగుతుంటుంది.

ఈ భాషల్లో ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ప్రకటించిన సాధారణ వేరియబుల్ ఆయుష్షు ఆ బ్రాకెట్లు ముగిసే వరకే. దీన్నే దాని పరిధి, అంటే స్కోప్ అంటారు. పరిధి దాటాక ఆ మెమరీ చోటును కంపైలర్ మరో వేరియబుల్‌కు కేటాయించవచ్చు. చిరునామాను దాచుకునే పాయింటర్ మాత్రం బ్రాకెట్ల బయట ఉంటే, పాత చిరునామా దాని దగ్గరే మిగిలిపోతుంది. దాని ద్వారా మళ్లీ చదివినా, రాసినా తప్పే.

చిక్కేమిటంటే, ఈ తప్పు చాలాసార్లు బయటపడదు. ఆ చోట పాత విలువ చెరగకుండా ఉంటే జవాబు సరిగానే వస్తుంది. వేగం కోసం ఆప్టిమైజేషన్ పెంచి కంపైల్ చేస్తే, అదే కోడ్ తప్పుడు జవాబు ఇవ్వవచ్చు. అంటే, జవాబు సరిగా వచ్చినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనదని చెప్పలేం.

నీడలో గుర్తులు

ఇలాంటి తప్పులను పట్టేందుకు గూగుల్ పరిశోధకులు అడ్రస్ శానిటైజర్‌ను రూపొందించి, 2012లో దాని పనితీరును ప్రచురించారు. ఇది ప్రోగ్రామ్ వాడే ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైట్ చొప్పున ‘నీడ మెమరీ’ని కేటాయిస్తుంది. ఆ 8 బైట్లను ప్రస్తుతం వాడవచ్చో లేదో అందులో నమోదవుతుంది.

పరిధి మొదలవగానే నీడ బైట్ సున్నా అవుతుంది, అంటే వాడుకోవచ్చని అర్థం. పరిధి ముగియగానే అందులో ‘ఎఫ్8’ అనే నిషేధ గుర్తు పడుతుంది. మెమరీని చదివే, రాసే చోట్ల కంపైలర్ ముందుగానే ఒక చిన్న తనిఖీని చొప్పిస్తుంది. నిషేధ గుర్తు ఎదురైతే ప్రోగ్రామ్ అక్కడే ఆగి, తప్పు ఏ వరుసలో, ఏ వేరియబుల్ విషయంలో జరిగిందో నివేదిక ఇస్తుంది. 2017లో విడుదలైన జీసీసీ 7 కంపైలర్‌లో, అడ్రస్ శానిటైజర్‌ను ఎంచుకుంటే ఈ పరిధి తనిఖీ కూడా దానంతటదే పనిచేస్తుంది.

ఈ కాపలా ఉచితం కాదు. 2012 నాటి కొలతల్లో ప్రోగ్రాములు సగటున 73 శాతం నెమ్మదించాయి. అందుకే దీన్ని ఎక్కువగా పరీక్షల దశలోనే వాడతారు. పైగా, నడిచిన కోడ్‌లోని తప్పునే ఇది పట్టగలదు. పరీక్ష చేరని మూలలో దాగిన తప్పు అలాగే ఉండిపోతుంది.

అయినా ఈ శ్రమ వృథా కాదు. క్రోమియం బ్రౌజర్‌లోని తీవ్రమైన భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పుల వల్లేనని ఆ ప్రాజెక్టు ఇంజినీర్లు 2020లో వెల్లడించారు. రస్ట్ వంటి కొత్త భాషల్లో గడువు తీరిన చిరునామాను వాడబోతే కంపైలరే సాధారణంగా ఒప్పుకోదు. కానీ మన బ్రౌజర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల వెనుక దశాబ్దాలుగా పేరుకున్న సీ, సీ++ కోడ్ ఒక్కరోజులో మారదు. అంతవరకు గది ఖాళీ అయిన వెంటనే తలుపుకు గుర్తు పెట్టే ఇలాంటి కాపలాదారు అవసరమే.