గెలవని కుర్రవాడిని ఎన్నాళ్లు నిలుపుకోవాలి?

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే బంతి ఆట స్ఫురిస్తుంది. అమెరికావారు ఆ పేరుతో పిలుచుకునే ఆట వేరు. అందులో బంతి కోడిగుడ్డు వలె కోలగా ఉంటుంది. దానిని కాలితో తన్నడం అరుదు. చేతితో విసురుతారు, లేదా చంకన ఇరికించుకొని పరుగెత్తుతారు. సెప్టెంబరు నుండి జనవరి వరకు ఆదివారం నాడు అక్కడి పిల్లలకు ఫోను చేస్తే, ఆట ముగిశాక మాట్లాడతామన్న సమాధానం మన పాఠకులలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లట్ నగరంలో తెలుగు కుటుంబాలు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నాయి. ఆ నగరపు జట్టు పేరు కరోలినా పాంథర్స్. ఆ జట్టులోని బ్రైస్ యంగ్ అనే యువకుని భవితవ్యం గురించి అక్కడి అభిమానులు 2023 నుండి వాదించుకుంటున్నారు. ఆ వాదం ఏమిటో, అది ఎందుకు తెగకుండా సాగుతున్నదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆట సంగతి. మైదానం నూరు గజాల పొడవు. రెండు చివరల గోల్ భాగాలను కలిపితే ఒకటింబావు ఎకరాకు కొంచెం మించిన నేల. ఒక్కొక్క పక్షాన పదకొండుగురు. బంతి చేజిక్కిన జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మరల నాలుగు ప్రయత్నాలు. పోలేకపోతే బంతి ఎదుటివారిది. ఆవలి చివరి భాగంలోకి బంతిని చేర్చడాన్ని టచ్‌డౌన్ అంటారు. దానికి ఆరు పాయింట్లు.

ప్రతి ప్రయత్నంలోను బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాని చేతికి. అతనికి దొరికే వ్యవధి సుమారు రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపల ఎదుటివారి వ్యూహాన్ని చదవాలి, తనవారిలో ఎవరికి సందు దొరికినదో చూడాలి, బంతిని అక్కడికి విసరాలి. ఈ లోగా నూట ముప్పై కిలోల పైబడిన దేహాలు అతని మీదికి దూకుతుంటాయి. వారిని అడ్డుకోవడానికి ముందు వరుసలో ఐదుగురు కాపుదార్లు ఉంటారు. ఆ వరుస తెగినదా, బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్ నేల కరుస్తాడు. దానిని శాక్ అంటారు. విసిరిన బంతి ప్రత్యర్థి చేతిలో పడితే అది మరింత నష్టం. కబడ్డీలో కూతకు పోయినవాడు ఒంటరి అని మనకు తెలుసు. క్వార్టర్‌బ్యాక్ పైకి అలా కనిపిస్తాడు గాని నిజానికి ఒంటరి కాడు. ఈ వాదం మొత్తానికి మూలమైన చిక్కు ఇదే. గెలుపోటముల లెక్క అతని పేరు మీద రాస్తారు. ఆ గెలుపోటములను నిర్ణయించేది అతనితో పాటు మరి పదిమంది, వారి వెనుక నున్న శిక్షకులు, యజమానులు.

అమెరికా ఫుట్‌బాల్ లీగులో కళాశాలల నుండి వచ్చే కుర్రవాళ్లను ఏటా ఏప్రిల్‌లో జట్లు వంతుల వారీగా ఎంచుకుంటాయి. కిందటేడు ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు. 2023లో మొదటి వంతు షికాగో జట్టుది. పాంథర్స్ దానిని కొనుక్కున్నారు. ఇచ్చిన వెల చూడండి: ఆ ఏటి తొమ్మిదవ వంతు, అరవై ఒకటవ వంతు, 2024 నాటి మొదటి విడత వంతు, 2025 నాటి రెండవ విడత వంతు, వీటికి తోడు తమ జట్టులో బంతిని అందుకోవడంలో మేటియైన డీజే మూర్‌ను సైతం ధారపోశారు. అంటే కొత్త కుర్రవాడు బంతి విసరవలసిన చేతులను అమ్మి ఆ కుర్రవాడిని తెచ్చుకున్నారన్నమాట. తర్వాతి కథలో సగం ఈ బేరంలోనే ఉన్నదని చెప్పక తప్పదు.

అలా తెచ్చుకున్నది బ్రైస్ యంగ్‌ను. 2001లో జన్మించాడు. అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ కళాశాల ఆటగాళ్లకిచ్చే అత్యున్నతమైన హైస్‌మన్ పురస్కారాన్ని 2021లో అందుకున్నాడు. తొణకని స్వభావం, చురుకైన బుద్ధి అని పేరు. ఎత్తు మాత్రం 5 అడుగుల 10 అంగుళాలు. మన ఊళ్లలో అది పొడగరి లెక్కే కాని, ఆరడుగులు మించిన కాపుదార్ల వెనుక నిలబడి వారి తలల మీదుగా చూడవలసిన ఆ స్థానంలో పొట్టితనమే. రెండవ వంతులో హ్యూస్టన్ జట్టువారు సీజే స్ట్రౌడ్‌ను ఎంచుకున్నారు.

ఆ ఏడు స్ట్రౌడ్ ఉత్తమ నూతన ఆటగానిగా ఎంపికయ్యాడు. హ్యూస్టన్ తన విభాగంలో అగ్రస్థానం పొందినది. పాంథర్స్ 17 ఆటలలో రెండు గెలిచారు. యంగ్ 62 పర్యాయాలు నేల కరిచాడు. 11 టచ్‌డౌన్లు విసిరితే 10 బంతులు ప్రత్యర్థులకు చిక్కాయి. పదకొండు ఆటలు కాగానే ప్రధాన శిక్షకుడు ఫ్రాంక్ రైక్‌ను యజమాని తొలగించాడు. పుండు మీద కారమన్నట్లు, షికాగోకు ఇచ్చివేసిన 2024 వంతు దేశంలోనే మొదటి వంతుగా తేలినది. వారు దానితో కేలబ్ విలియమ్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకున్నారు.

అభిమానులు రెండు పక్షాలుగా చీలింది ఇక్కడే. ఎన్నిక తప్పు, స్ట్రౌడ్‌ను తేవలసినది, ఈ ఎత్తుతో ఇతడు ఎన్నటికీ నిలదొక్కుకోలేడు అన్నది ఒక పక్షం. కాపుదార్ల వరుస జల్లెడ, బంతి అందుకునేవారు లేరు, శిక్షకుడు నడుమనే పోయాడు, ఈ స్థితిలో ఎవరున్నా ఇంతే అన్నది రెండవ పక్షం. రెండింటిలోను నిజమున్నది. రెండవ పక్షం వాదనను జట్టు యాజమాన్యమే ఒక విధంగా ఒప్పుకున్నది: 2024 వసంతంలో కాపుదార్ల కోసం భారీగా వెచ్చించి, ఒక్క రాబర్ట్ హంట్‌కే ఐదేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. కొత్త శిక్షకునిగా డేవ్ కనాలస్ వచ్చాడు. అందరూ వదిలేసిన జీనో స్మిత్ సియాటిల్‌లోను, బేకర్ మేఫీల్డ్ టాంపాలోను తిరిగి లేచినప్పుడు వారి దగ్గర పనిచేసిన వాడతడు.

అయినా 2024 మొదటి ఆటలో 47-10, రెండవ ఆటలో 26-3 తేడాతో ఓటమి. సెప్టెంబరు 16న యంగ్‌ను పక్కన కూర్చోబెట్టారు. అతని స్థానంలో 1987లో జన్మించిన ఆండీ డాల్టన్ దిగి మొదటి ఆటను 36-22తో గెలిపించాడు. అదే జట్టు, అవే చేతులు. మనిషి మారగానే గెలుపు వచ్చినది. యంగ్‌ను వద్దన్న పక్షానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం కావాలా? నవంబరు మొదట్లో ఆటగాళ్ల మార్పిడి గడువు ముగిసేలోగా వచ్చినంతకు అమ్మివేయాలన్న కేక మొదలైనది. అయితే డాల్టన్ ఆ తర్వాతి నాలుగు ఆటలు వరుసగా ఓడాడు. ఆ మాట కేకలు వేసినవారికి అంతగా వినిపించినట్లు లేదు.

ఈ చర్చలో పాంథర్స్ అభిమానులను కలవరపెట్టిన గతం ఒకటున్నది. 2022లో ఈ జట్టులోనే బేకర్ మేఫీల్డ్, సామ్ డార్నల్డ్ అనే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఉండేవారు. 2018లో మొదటి, మూడవ వంతులలో ఎంపికై, తమ తొలి జట్లు వదిలేయగా వచ్చినవారు. షార్లట్‌లోను రాణించలేదు. మేఫీల్డ్‌ను డిసెంబరులో పంపివేశారు. డార్నల్డ్ మరుసటి ఏడు వెళ్లిపోయాడు. ఆపై మేఫీల్డ్ 2023లో టాంపాను విభాగ విజేతగా నిలిపాడు. డార్నల్డ్ 2024లో మిన్నెసోటా జట్టుతో 14 ఆటలు గెలిచాడు. 2026 ఫిబ్రవరిలో సియాటిల్ క్వార్టర్‌బ్యాక్‌గా సూపర్ బౌల్ విజేత అయ్యాడు. చేను ఒకరిదైతే పంట మరొకరిది అయినది. మూడవసారి కూడా అదే పొరపాటు చేద్దామా అన్నది ఓపిక పట్టమన్నవారి ప్రశ్న.

ఓర్పు పట్టినవారికి పూర్వపు ఉదాహరణలూ ఉన్నాయి. డల్లాస్ జట్టులో ట్రాయ్ ఐక్‌మన్ 1989లో తాను దిగిన పదకొండు ఆటలూ ఓడాడు; తర్వాత మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. పేటన్ మానింగ్ 1998లో, మొదటి ఏడే, 28 బంతులను ప్రత్యర్థులకు సమర్పించుకున్నాడు. కాని ఈ పేర్లు చెప్పేవారు జమార్కస్ రస్సెల్ పేరు చెప్పరు. 2007లో మొదటి వంతు ఆటగాడు. 2010లో ఓక్లండ్ వదిలేసిన పిదప లీగులో మరల ఒక్క ఆటా ఆడలేదు. వెలుగులోకి వచ్చినవారిని మాత్రమే లెక్కించి ఓర్పుకు ఫలం తప్పదని చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

అక్టోబరులో డాల్టన్ కారు ప్రమాదంలో బొటనవేలు గాయపరచుకొనక పోయినట్లయితే ఏమయ్యేదో. యంగ్‌కు రెండవ అవకాశం శిక్షకుని దూరదృష్టి వల్ల కంటె ఆ ప్రమాదం వల్ల ముందుగా వచ్చినది. తిరిగి వచ్చిన కుర్రవాడు వేరుగా కనిపించాడు. భయం తగ్గి బంతిని దూరంగా విసరసాగాడు. కాన్సస్ సిటీ, ఫిలడెల్ఫియా వంటి బలమైన జట్లతో చివరిదాకా పోరాడి ఓడాడు. 2025 జనవరిలో సీజన్ ఆఖరి ఆటలో అట్లాంటాను అదనపు సమయంలో 44-38తో ఓడించాడు. మూడు టచ్‌డౌన్లు విసిరి, రెండు తానే పరుగెత్తి సాధించాడు.

ఇక డబ్బు సంగతి. వాదం వాడిగా ఉండటానికి అసలు కారణం అదే. కొత్త ఆటగాని మొదటి ఒప్పందం నాలుగేళ్లు. యంగ్‌కు నాలుగేళ్లకు కలిపి సుమారు 3.8 కోట్ల డాలర్లు. నిలదొక్కుకున్న క్వార్టర్‌బ్యాక్‌కు ఒక్క ఏటికే అంతకు మించిన సొమ్ము: 2024లో డల్లాస్ ఆటగాడు డాక్ ప్రెస్కాట్ ఏటికి సగటున 6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. జట్టు మొత్తం జీతాలకు లీగు పరిమితి విధిస్తుంది. కనుక క్వార్టర్‌బ్యాక్ చవకగా ఉన్న నాలుగేళ్లలోనే మిగిలినవారిని కొనుక్కోవాలి. మొదటి విడతలో ఎంపికైన వానికి ఐదవ ఏడు కూడా కావాలా వద్దా అన్నది మూడవ సీజన్ ముగిశాక తేల్చాలి. ఓర్పుకు ఇలా గడువు తేదీ ఉన్నది. తోటలో మొక్క నాటి ఐదేళ్లు చూద్దామనుకునే మన పద్ధతి అక్కడ చెల్లదు. కౌలు ముగిసేలోగా కాపు రావాలి.

మూడవ సీజన్ అయిన 2025 కూడా తేల్చి చెప్పలేదు. నవంబరు 16న అట్లాంటాపై యంగ్ 448 గజాలు విసిరి జట్టు చరిత్రలో రికార్డు నెలకొల్పాడు; కామ్ న్యూటన్ 2011లో సాధించిన 432 గజాలు వెనుకబడ్డాయి. తర్వాతి ఆటలో శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 20-9తో ఓటమి. ఆపై వారం బలమైన లాస్ ఏంజెలిస్ రామ్స్‌పై 31-28తో గెలుపు. కొత్తగా వచ్చిన టెటైరోవా మెక్‌మిలన్ ఆ సీజన్‌లో వెయ్యి గజాలకు పైగా బంతులు అందుకున్నాడు. మూర్ వదిలి వెళ్లిన ఖాళీ అప్పటికి గాని నిండలేదు. పాంథర్స్ ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడారు. విభాగంలో మరి రెండు జట్లవీ అవే అంకెలు కాగా, లీగు నిబంధనల ప్రకారం అగ్రస్థానం వీరికి దక్కినది. 2017 సీజన్ తర్వాత మళ్లీ ప్లేఆఫ్‌లు చూడటం అదే మొదలు.

2026 జనవరి 10న షార్లట్‌లో అదే రామ్స్ జట్టుతో ప్లేఆఫ్ ఆట. ఆఖరి నిమిషాల్లో పాంథర్స్ ఆధిక్యంలోకి వచ్చారు. చివరి నిమిషంలో రామ్స్ టచ్‌డౌన్ సాధించి 34-31తో గెలిచారు. ఆ రాత్రి ఒక పక్షం ఎనిమిది గెలుపులు, తొమ్మిది ఓటములను చూపించింది. రెండవ పక్షం ఆ ముప్పై ఒక్క పాయింట్లను చూపించింది.