పనిచేస్తున్న సర్వరుకు కొత్త విద్య నేర్పడం ఎలా?

మీ ఇంట్లో మిక్సీని ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? కింద ఒకే ఒక్క మోటారు ఉంటుంది. దానిమీద పెద్ద జారు పెడితే దోశల పిండి రుబ్బుతుంది. చిన్న జారు పెడితే కొబ్బరి పచ్చడి చేస్తుంది. పిండికి ఒక మోటారు, పచ్చడికి మరో మోటారు కొనం గదా! మోటారు తలమీది ముక్క, జారు అడుగున ఉండే ముక్క ఒకదానిలో ఒకటి సరిగ్గా అమరితే చాలు.

కంప్యూటరు ప్రోగ్రాములలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. అసలు ప్రోగ్రామును మార్చకుండా, దానికి తగిలించి కొత్త పని చేయించే చిన్న ప్రోగ్రామును ‘ప్లగిన్’ అంటారు. అయితే ఇక్కడ ఒక విశేషం ఉంది. మిక్సీ జారు మార్చాలంటే స్విచ్చి ఆపాలి. డేటాబేస్ సర్వరుకు మాత్రం చాలా ప్లగిన్లను అది పనిచేస్తూ ఉండగానే తగిలించవచ్చు! అది ఎలాగో, అందులో మేలు ఏమిటో, ముప్పు ఏమిటో తెలుసుకుందాం.

నిద్రపోని గుమాస్తా

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజును తలచుకోండి. హాల్ టికెట్ నంబరు కొట్టగానే మార్కులు తెరమీద కనిపిస్తాయి. అందరి మార్కులనూ పట్టికలుగా అమర్చి భద్రపరచిన సమాచార నిధిని ‘డేటాబేస్’ అంటారు. అడిగినవారికి అడిగిన వివరం అందులోంచి వెతికి ఇచ్చే ప్రోగ్రామే ‘డేటాబేస్ సర్వరు’. ఇది రాత్రింబవళ్ళు బల్లముందు కూర్చుని ఉండే గుమాస్తా వంటిది. ఫలితాల రోజున ఈ గుమాస్తా అయిదు నిమిషాలు లేచి వెళితే ఎంత గగ్గోలు పుడుతుందో ఊహించండి! కొత్త విద్య నేర్పాలన్నా అతన్ని కుర్చీలోంచి లేపకుండానే నేర్పడం మంచిది.

ఇలాంటి సర్వర్లలో పేరుపొందినది ‘మై ఎస్‌క్యూఎల్’. ఫిన్లాండుకు చెందిన మైకేల్ విడేనియస్, ఆయన సహచరులు డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ 1995లో స్వీడన్‌లో దీనిని ప్రారంభించారు. ‘మై’ అనేది విడేనియస్ కుమార్తె పేరు. 2008లో విడుదలైన 5.1 రూపంతో దీనికి ప్లగిన్లు తగిలించే సౌకర్యం వచ్చింది.

మాటలతో కాదు, ఆదేశాలతో

పెద్ద సర్వర్లు సాధారణంగా ఎక్కడో దూరాన, చల్లని గదుల్లో ఉంటాయి. వాటిముందు తెర ఉండదు, మౌసు ఉండదు. వాటిని చూసుకునే నిర్వాహకుడు తన కంప్యూటరునుంచి ఒక్కొక్క ఆదేశమే టైపు చేసి పంపుతాడు. సర్వరు జవాబిస్తుంది. ఇలా ఆదేశాలు టైపు చేసే పద్ధతిని ‘కమాండ్ లైన్’ అంటారు. ఇది పాతపద్ధతిలా కనిపించినా మంచి సుగుణం ఒకటి ఉంది. ఆదేశాన్ని పుస్తకంలో రాసి పెట్టుకోవచ్చు. అదే ఆదేశాన్ని పది సర్వర్లకు ఒక్క అక్షరమైనా మారకుండా ఇవ్వవచ్చు.

నిర్వాహకుడు ముందుగా ఇచ్చే ఆదేశం ‘షో ప్లగిన్స్’. (ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణ మాత్రం ఇస్తున్నాం.) వెంటనే ఒక పట్టిక వస్తుంది. అందులో ప్రతి ప్లగిన్ పేరు, స్థితి, రకం, అది ఏ ఫైలులోంచి వచ్చిందో ఉంటాయి. స్థితి దగ్గర ‘యాక్టివ్’ అని ఉంటే అది పనిచేస్తున్నట్లు. ఫైలు పేరు ఉండవలసినచోట ‘నల్’ అని ఉంటే అది బయటినుంచి వచ్చినది కాదు, సర్వరుతోపాటే పుట్టినది అని అర్థం.

దొంగకు ఆలస్యం

ఇప్పుడొక ఉదాహరణ చూద్దాం. ఎవరో ఒక దొంగ మన సర్వరులో దూరడానికి ఒకదాని తరువాత ఒకటిగా రహస్యపదాలను ప్రయత్నిస్తున్నాడనుకోండి. కంప్యూటరు సాయంతో కొద్దిసేపట్లోనే వెయ్యి పదాలు ప్రయత్నించగలడు. దీనికి విరుగుడుగా ‘కనెక్షన్ కంట్రోల్’ అనే ప్లగిన్ ఉంది. మామూలు అమరికలో ఇది మొదటి మూడు తప్పులను క్షమిస్తుంది. నాలుగో తప్పుకు 1 సెకను ఆపుతుంది. అయిదో తప్పుకు 2 సెకన్లు, ఆరో తప్పుకు 3 సెకన్లు, ఇలా పెంచుకుంటూ పోతుంది.

వరుసగా వెయ్యి తప్పులు చేస్తే ఎంతసేపు పడుతుంది? 1 నుంచి 997 వరకు గల సంఖ్యలను కూడాలి. మీకు తెలిసిన సూత్రమే: 997 × 998 ÷ 2 = 4,97,503 సెకన్లు. అంటే దాదాపు 5 రోజుల 18 గంటలు! తలుపు బద్దలు కొట్టకుండా, గొళ్ళెం మార్చకుండా, ఉత్త ఆలస్యంతోనే దొంగను విసిగించవచ్చన్నమాట. అయితే అసలు యజమాని వచ్చి సరైన పదం చెప్పినా, అంతకుముందు తప్పులు జరిగి ఉంటే అతనూ ఒకసారి ఆగక తప్పదు. ఆ తరువాత లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

దీనిని తగిలించే ఆదేశం ఇలా ఉంటుంది:

ఇన్‌స్టాల్ ప్లగిన్ కనెక్షన్_కంట్రోల్ సోనేమ్ ‘కనెక్షన్_కంట్రోల్.ఎస్ఓ’;

‘సోనేమ్’ తరువాత ఉన్నది ఫైలు పేరు. లినక్స్ కంప్యూటర్లలో దాని చివర ‘ఎస్ఓ’ అని, విండోస్‌లో ‘డీఎల్ఎల్’ అని ఉంటుంది. ఆదేశం అందగానే సర్వరు నాలుగు పనులు చేస్తుంది. ప్లగిన్ల కోసం కేటాయించిన సంచయంలో ఆ ఫైలును వెతుకుతుంది. దానిని తన జ్ఞాపకశక్తిలోకి తెచ్చుకుంటుంది. సిద్ధం కమ్మని ప్లగిన్‌కు చెబుతుంది. చివరగా దాని పేరును ఒక ప్రత్యేకమైన పట్టికలో రాసుకుంటుంది. ఈ చివరి పనివల్లనే, రేపు సర్వరును ఆపి మళ్ళీ నడిపినా ప్లగిన్ తనంతట తానే వచ్చి చేరుతుంది.

వద్దనుకుంటే ‘అన్‌ఇన్‌స్టాల్ ప్లగిన్’ అనే ఆదేశం ఉంది. దీనితో పట్టికలోని పేరు పోతుంది. ఫైలు మాత్రం సంచయంలో అలాగే ఉంటుంది.

ముప్పు ఎక్కడ?

మిక్సీ జారు మోటారుకు బయట కూర్చుంటుంది. ప్లగిన్ అలా కాదు, సర్వరు లోపలికే వెళుతుంది. సర్వరు చూడగల సమాచారాన్నంతా అదీ చూడగలదు. అందులో ఒక పొరపాటు ఉంటే సర్వరు మొత్తం కుప్పకూలవచ్చు. కొత్త గుమాస్తాకు బీరువా తాళాలన్నీ అప్పగించడంలాంటిదే ఇది.

అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టారు. ఒకటి, ఆ ఒక్క సంచయంలోని ఫైళ్ళను మాత్రమే తగిలించడం వీలవుతుంది. కాబట్టి ఆ సంచయంలో ఎవరుపడితే వారు ఫైళ్ళు పెట్టకుండా చూసుకోవాలి. రెండు, ప్లగిన్ల పట్టికలో పేరు చేర్చే హక్కు ఉన్నవారే తగిలించగలరు. తొలగించే హక్కు ఉన్నవారే తీయగలరు.

మరి హక్కున్నవాడి రహస్యపదమే దొంగ చేతికి చిక్కితే? దానికీ ఒక ఉపాయం ఉంది. సర్వరు మొదలయ్యేటప్పుడు చదివే అమరికల ఫైలులో ఆ ప్లగిన్ పేరుకు ఎదురుగా ‘ఫోర్స్ ప్లస్ పర్మనెంట్’ అని రాస్తారు. అప్పుడు సర్వరు నడుస్తూ ఉండగా ఆ ప్లగిన్‌ను ఎవరూ తీయలేరు. అంతేకాదు, ఆ ప్లగిన్ సిద్ధం కాకపోతే సర్వరు అసలు మొదలే కాదు. తాళం లేని బీరువాను తెరిచి పెట్టడం కంటే గది మూసి ఉంచడమే నయం గదా!

తీసేయడంలోనూ జాగ్రత్త అవసరం. కొన్ని ప్లగిన్లు పట్టికలను డిస్కుమీద దాచే పద్ధతినే సమకూరుస్తాయి. అలాంటిదాన్ని తీసివేస్తే ఫైళ్ళు డిస్కుమీద ఉన్నా, ఆ భాష చదివేవాడు లేనట్లవుతుంది. అందుచేత ప్లగిన్ తగిలించేముందు ‘ఎక్కడినుంచి వచ్చింది?’ అని, తీసేముందు ‘దీనిమీద ఏది ఆధారపడి ఉంది?’ అని అడగాలి.

2018లో వచ్చిన 8.0 రూపంలో ‘కాంపోనెంట్’ అనే కొత్తరకం అదనపు భాగాలనూ ప్రవేశపెట్టారు. వాటిని తగిలించే ఆదేశం వేరు. కానీ ఈ రెండు ప్రశ్నలు వాటికీ వర్తిస్తాయి.

మీరూ చేసి చూడండి

మై ఎస్‌క్యూఎల్ ఉచితంగా దొరికే రూపంలో కూడా ఉంది. మీ ఉపాధ్యాయుని సాయంతో, ఏ ముఖ్యమైన సమాచారమూ లేని కంప్యూటరులో దానిని నెలకొల్పి ‘షో ప్లగిన్స్’ అని అడగండి. సర్వరుతోపాటే పుట్టిన ప్లగిన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఈలోగా ఒక చిన్న లెక్క: కనెక్షన్ కంట్రోల్ ఉన్న సర్వరులో ఒకరు వరుసగా 10 సార్లు తప్పుడు పదం చెబితే మొత్తం ఎన్ని సెకన్లు ఆగవలసి వస్తుంది?

(జవాబు: 28 సెకన్లు)