2 మిలియన్లకు కొని 4 బిలియన్లకు అమ్మారు: డేనా వైట్ కథ

రీల్స్ చూస్తుంటే మధ్యలో ఎనిమిది మూలల బోనులో ఇద్దరు కొట్టుకునే క్లిప్పులు వస్తుంటాయి కదా? అదే యూఎఫ్‌సీ. ఆ ఫైట్ల పక్కన గుండుతో కనిపించే పెద్దమనిషి డేనా వైట్. ఈరోజు ఆయన కెరీర్ గురించి మాట్లాడుకుందాం.

యూఎఫ్‌సీ 1993లో అమెరికాలో మొదలైంది. అప్పట్లో రూల్స్ దాదాపు లేవు, బరువును బట్టి విభాగాలు కూడా లేవు. సెనేటర్ జాన్ మెకెయిన్ దీన్ని ‘మనుషుల కోడిపందెం’ అన్నారు. సంక్రాంతి బరులు చూసిన మనకి ఆ మాట ఎంత ఘాటైనదో చెప్పక్కర్లేదు. చాలా రాష్ట్రాలు నిషేధించాయి. కేబుల్ కంపెనీలూ మొహం చాటేశాయి.

అప్పుడు డేనా లాస్ వేగాస్‌లో బాక్సింగ్ నేర్పుతూ, టీటో ఓర్టిజ్, చక్ లిడెల్ అనే ఫైటర్లకు మేనేజర్‌గా ఉండేవాడు. కంపెనీ అమ్మకానికి ఉందని తెలిసింది. చేతిలో అంత డబ్బు లేదు. స్కూల్ ఫ్రెండ్ లొరెంజో ఫెర్టిటాకి ఫోన్ చేశాడు. క్యాసినోల వ్యాపారం చేసే ఆ అన్నదమ్ములు 2001 జనవరిలో 2 మిలియన్ డాలర్లకు కొన్నారు. డేనా ప్రెసిడెంట్ అయ్యాడు.

రూల్స్ కుదిరాయి, నెవాడా అనుమతీ వచ్చింది. అయినా డబ్బులు రాలేదు! 2004కల్లా నష్టం 30 మిలియన్లు దాటింది. లొరెంజో ఒక దశలో అమ్మేద్దామన్నాడు, మర్నాడే మనసు మార్చుకున్నాడు.

చివరి ప్రయత్నంగా సొంత ఖర్చుతో ‘ది అల్టిమేట్ ఫైటర్’ అనే రియాలిటీ షో తీశారు. ఫైటర్లందరూ ఒకే ఇంట్లో. మనకి బిగ్‌బాస్ తెలుసు కాబట్టి ఇది ఈజీగా అర్థమవుతుంది. వాళ్ళ గొడవలు, భయాలు వారాల తరబడి చూసిన జనానికి ఫైనల్‌లో ఎవరు ఎవరో తెలుసు. 2005 ఏప్రిల్ 9న ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బోనర్ హోరాహోరీగా కొట్టుకున్నారు. గ్రిఫిన్ గెలిచాడు, ఓడిన బోనర్‌కీ కాంట్రాక్ట్ ఇచ్చారు. అక్కడ కంపెనీ దశ తిరిగింది. 2016లో సుమారు 4 బిలియన్ డాలర్లకు అమ్ముడుపోయింది.

నాకు ఇందులో కనబడేది ఏంటంటే, పంచ్ ఎవరైనా చూపిస్తారు. కొట్టేవాడు మనకి తెలిసినవాడైతేనే టికెట్ కొంటాం. డేనా పట్టుకున్న కిటుకు అదే.

మరి జనం ఫైటర్ కోసం వస్తున్నప్పుడు, ఫైటర్‌కి ఎంత దక్కాలి? పెద్ద అమెరికన్ లీగుల్లో ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్ళకే వెళ్తుంది. ఇక్కడ వాటా అంతకంటే చాలా తక్కువ. పోటీ లేకుండా చేసి తమ సంపాదన తగ్గించారంటూ 2014లో మాజీ ఫైటర్లు కోర్టుకెళ్ళారు. పదేళ్ళు నడిచాక కంపెనీ 375 మిలియన్ డాలర్లకు రాజీకొచ్చింది.

కాబట్టి డేనా దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ ఎవరైనా మీ మొహంతో, మీ కథతో బ్రాండ్ కట్టుకుంటుంటే, సంతకం పెట్టే ముందు మీ వాటా ఎంతో ఒకసారి అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.