సీటు ఎన్ని క్వింటాళ్లు?

ఏప్రిల్ నెలాఖరు. వినుకొండ చుట్టుపక్కల కల్లాల్లో ఎండిన మిర్చి తాలు ఏరించుకుని టిక్కీల్లోకి ఎక్కుతుంది. లారీలు గుంటూరు యార్డు దారి పడతాయి. ఇంటర్ ఫలితాలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. మే మొదటి ఆదివారం నీట్. పంట డబ్బు చేతికొచ్చే రోజులూ బైపీసీ చదివిన పిల్ల దారి తేలే రోజులూ ఒక్కసారే వచ్చిపడటంతో, పల్నాడు ఇళ్లలో చదువు లెక్క మిర్చి లెక్కలో కలిసిపోతుంది.

ఆ లెక్కే వేసి చూద్దాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనప్పుడు ఏడాదికి మెరిట్ సీటుకు 15 వేలు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు, ఎన్నారై కోటాకు 20 లక్షలు ఫీజు పెట్టారు. మెరిట్ సీటుకు క్వింటాలున్నర మిర్చి కూడా అక్కర్లేదు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు దాదాపు 102 క్వింటాళ్లు కావాలి. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు దిగితే మంచి పంట అనుకునే నేలలో అది అయిదెకరాల దిగుబడి మొత్తం. కౌలు, పురుగుమందులు, కోత కూలి తీయకముందు మాట ఇది. అదీ ఒక్క ఏడాది ఫీజుకు!

రెండు సీట్లకూ ఒకే తరగతి గది, ఒకే ప్రొఫెసరు. మధ్యలో అడ్డం పడేది నీట్ ర్యాంకు.

2025లో నీట్ రాసినవాళ్లు 22.09 లక్షలు, అర్హత సాధించినవాళ్లు 12.36 లక్షలు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. కాబట్టి ‘మావాడు నీట్ క్వాలిఫై అయ్యాడు’ అన్న మాటకు మిఠాయి పంచేంత విలువ లేదు. అర్హులైన ప్రతి పదిమందిలో సీటు దక్కేది ఒక్కరికే. ఆ సీట్లలోనూ తక్కువ ఫీజువి సగం పైచిలుకే. మిగిలినవాళ్లకు విజయవాడ, గుంటూరు కాలేజీలు చూపించే దారి లాంగ్‌టర్మ్, అంటే మరో ఏడాది కోచింగ్. మొదటి ప్రయత్నంలో అంచుదాకా వచ్చి ఆగినవాళ్లకు ఒక లాంగ్‌టర్మ్ న్యాయమే. రెండోదానికి గట్టి కారణం ఉండాలి. మూడోది పెట్టించేది పిల్లల కోరిక కాదు, బంధువుల ముందు తల దించుకోలేని పెద్దల బెంగ.

అప్పుడు వినిపించేది విదేశాల మాట. జార్జియా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల చదువు మధ్యలో తిరిగొచ్చినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు, అదే దేశంలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఇక్కడికొచ్చాక రాయాల్సిన పరీక్షలో గట్టెక్కేవాళ్ల కంటే తప్పేవాళ్లే ఎక్కువ. అక్కడికి పంపే ఏజెంటు ఈ చివరి ముక్క ఎప్పుడూ గొంతు తగ్గించే చెబుతాడు.

ఇవన్నీ అయ్యాక, ఏ ఆగస్టులోనో, సెప్టెంబరులోనో ఇంట్లో నర్సింగ్ ప్రస్తావన వస్తుంది. ‘పోనీలే, నర్సింగైనా చేయిద్దాం’ అని. ఆ ‘అయినా’లోనే ఉంది చిక్కంతా. ఏప్రిల్లోనే డాక్టరు చదువుకు పక్కపక్కనే పెట్టి తూచాల్సినదాన్ని ఆఖరి బేరంగా చూస్తారు.

నిజానికి ఈ ప్రాంతంలో నర్సు చదువు వైద్య కళాశాల కంటే పాతది. అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివిన డాక్టరే అయినా, లూథరన్ మిషన్ ఆమెను మొదట పంపింది ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడానికి. ఆమె చదువు చెబుతూనే వైద్యం కొనసాగించారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. కుగ్లర్ ఆసుపత్రిలో తెలుగు అమ్మాయిలు నర్సులుగా తయారవుతున్న కాలానికి గుంటూరు వైద్య కళాశాల ఊసే లేదు. అది 1946లో వచ్చింది.

ఆ తొలితరం నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల పిల్లలు, చాలామంది దళితులు. పరాయి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రి డ్యూటీలు తమ ఆడపిల్లలకు తగవని మిగతా కులాలవాళ్లు దూరంగా ఉండిపోయారు. ప్రసవం నొప్పులొచ్చినప్పుడు మాత్రం ఆ చేతులే కావాల్సి వచ్చాయి. అంటరానితనం మీద రాసిన కవి గుర్రం జాషువా పుట్టిన వినుకొండలో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నర్సింగ్‌ను ‘చిన్న చదువు’ అనే అలవాటులో సగం జీతం గురించైతే, సగం ఈ పాత వాసనే.

జీతం మాటా దాచిపెట్టాల్సింది కాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. పల్నాడు పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ కాగితం చదివిన యజమాని దొరకడం కష్టం. బీఎస్సీ నర్సింగ్ చేసి చిన్నాసుపత్రిలోనే ఉండిపోయేవాళ్లకు ఆ పాత చిన్నచూపు తగులుతూనే ఉంటుంది.

అయితే దారి అక్కడితో ఆగదు. బొల్లాపల్లి, నూజెండ్ల మండలాల పల్లెల్లో ఇప్పుడు బీపీ చూసి, షుగర్ చూసి మాత్రలిచ్చేది విలేజ్ హెల్త్ క్లినిక్‌లోని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. జీతం 25 వేలు, పనితీరును బట్టి పైన ప్రోత్సాహకం. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. సాధారణ కాన్పు నర్సు చేతుల మీదుగా నడవాలన్నది దాని ఉద్దేశం. బయటి దేశాలకు వెళ్లాలంటే అమెరికాకు ఎన్‌క్లెక్స్, జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది.

చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఇంకొకటుంది. నీట్ స్కోరు ఎంబీబీఎస్‌కే కాదు. సాయుధ దళాల వైద్య సేవల కింద పుణె, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లఖ్‌నవూ, బెంగళూరుల్లో ఉన్న ఆరు నర్సింగ్ కళాశాలల్లో అమ్మాయిలకు 220 సీట్లున్నాయి. వాటికి దరఖాస్తు చేసినవాళ్లను 2022 నుంచి నీట్ స్కోరుతోనే వడపోస్తున్నారు. చదువు ఉచితం. పూర్తయ్యాక మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్ హోదా. ఎంబీబీఎస్‌కు చాలని మార్కులతో లాంగ్‌టర్మ్‌కు డబ్బు కట్టే ముందు ఆ ప్రకటన వెతికి చూడటం ఎందుకు మానాలి?

ఇక కాలం లెక్క. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్లకు జీతం మొదలు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇవాళ ఎంబీబీఎస్‌తో ఆగాలనుకునేవాళ్లు తక్కువ గనక పీజీ ప్రవేశ పరీక్షకు మళ్లీ కోచింగ్, తర్వాత మూడేళ్ల ఎండీ. మిర్చి మీద, పత్తి మీద బతికే ఇంటికి ఇరవై ఎనిమిదేళ్లదాకా ఎదురుచూసే ఓపిక ఉందా అన్నది డబ్బు ప్రశ్న కంటే పెద్దది. నర్సింగ్ చేశాక డాక్టరు కావచ్చు కదా అనుకునేవాళ్లకూ ఒక మాట: 2022లో నీట్ గరిష్ఠ వయసు పరిమితి తీసేశారు కాబట్టి రాయొచ్చు. కానీ నర్సింగ్ చదివిన నాలుగేళ్లకు ఎంబీబీఎస్‌లో ఒక్క సెమిస్టరు మినహాయింపు కూడా లేదు. మళ్లీ మొదటి నుంచే.

పనులూ వేరు. డాక్టరు వచ్చి చూసి, జబ్బు పేరు తేల్చి, మందు రాసి పక్క మంచానికి వెళతాడు. ఆ మందు వేళకు ఎక్కిందా, సెలైన్ ఆగిందా, అర్ధరాత్రి ఊపిరి మారిందా అని చూసేది నర్సు. తేల్చి చెప్పే బాధ్యత ఇష్టమా, మంచం పక్కన నిలబడే పని ఇష్టమా అని పదిహేడేళ్ల పిల్లను మార్కులు రాకముందే అడగాలి. మగపిల్లలను కూడా.

మంచి ర్యాంకు వస్తే ప్రభుత్వ సీటు వదలొద్దు, ఆ విషయంలో రెండో ఆలోచనే వద్దు. పొలం అమ్మితే గానీ సీటు రాని పక్షంలో మాత్రం పొలం ఉంచుకుని మంచి నర్సింగ్ కళాశాల వెతకడమే తెలివైన పని. రాష్ట్రంలో ఎంబీబీఎస్, నర్సింగ్ రెండింటి కౌన్సెలింగూ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే నడుపుతుంది. రెండు నోటిఫికేషన్లనూ మొదటి నుంచే చూస్తూ ఉండండి. నర్సింగ్ కళాశాలకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, పిల్లలు నేర్చుకునే ఆసుపత్రిలో నిజంగా రోగులు ఉన్నారో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. బోర్డు మీద వంద పడకలు రాసి, లోపల ఖాళీ మంచాలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.