టాప్ వదులుగా కావాలంటే చంక కిందికి దింపొద్దు

రంజాన్ సగం దాటిందంటే టైలర్లు కొత్త బట్టలు తీసుకోరు. ప్రజ్ఞాపూర్ వాళ్లకు గజ్వేల్ పక్కనే ఉంది, రాజీవ్ రహదారి ఎక్కితే అటు సిద్దిపేట, ఇటు హైదరాబాద్. కానీ పండక్కి ముందు ఎక్కడికి పోయినా అదే మాట: ఈద్ తర్వాత రండి. అందుకే చాలా ఇళ్లలో అమ్మీలు, ఆపాలు సొంతంగా మిషన్ మీద కూర్చుంటారు. కుట్టడం వచ్చినవాళ్లకు కొదవ లేదు. చిక్కంతా ఫిట్టింగ్ దగ్గరే వస్తుంది.

మన ఇళ్లలో టాప్ ఒంటికి అతుక్కోకూడదు. దానికోసం చాలామంది చేసే పని ఒకటే, అన్ని కొలతలూ పెంచేయడం. ఛాతీ రెండు అంగుళాలు, భుజం ఒక అంగుళం, మెడ కొంచెం, చంక ఇంకొంచెం. తీరా తొడిగాక భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది. రుకూకి వంగితే మెడ ముందుకు తెరుచుకుంటుంది. అంటే పరదా కోసం పెంచిన కొలతే పరదా తగ్గిస్తోంది. వదులు ఉండాల్సింది ఛాతీ, నడుము, సీటు దగ్గర. భుజం, మెడ, చంక మాత్రం ఒంటి కొలతకు దగ్గరగానే ఉండాలి.

ముఖ్యంగా చంక గురించి చెప్పుకోవాలి. చంక లోతు పెంచితే చెయ్యి సులువుగా ఎత్తొచ్చని అందరూ అనుకుంటారు. జరిగేది రివర్స్. చంక కుట్టు కిందికి దిగేకొద్దీ చెయ్యి ఆ కుట్టుకు కట్టేసినట్టు అవుతుంది. చెయ్యి లేపగానే టాప్ మొత్తం దాంతోపాటు పైకి లేస్తుంది. దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు టాప్ నడుము దాకా లేస్తోందంటే కారణం పొడవు తక్కువై కాదు, చంక దిగి ఉండటం. అది తెలీక చాలామంది తర్వాతి టాప్‌కి పొడవు పెంచుతుంటారు. బట్ట దండగ.

పాతకాలం కుట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దాదీల నాటి కుర్తాల్లో చంక కింద చిన్న చదరపు ముక్క ఉండేది. ఉర్దూలో దాన్ని చౌబగ్లా అంటారు. అప్పట్లో బట్ట వృథా కాకుండా తిన్నగా ముక్కలు కోసేవారు, చెయ్యి కదలడానికి కావాల్సిన చోటు ఆ ముక్క ఇచ్చేది, నడుము కింద ఘేరా కలీలు ఇచ్చేవి. ఇవాళ కూడా బిగుతైన టాప్‌ని కాపాడటానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు. కుట్టు పోగా 3 అంగుళాల చదరం మిగిలేలా ముక్క కోసి, మూల పైకి వచ్చేలా వజ్రం ఆకారంలో పెడితే ఒక్కో చంక దగ్గర సుమారు 4 అంగుళాల వెడల్పు కలుస్తుంది. మ్యాచింగ్ బట్ట లేకపోతే దుపట్టా రంగుది వేయండి, చంక కింద ఎవరూ చూడరు.

కొత్తగా కట్ చేసేవాళ్లకు ఒక లెక్క. ఛాతీ 36 అంగుళాలు అనుకుందాం. వదులు కోసం 4 కలిపితే 40. బట్ట నాలుగు మడతలు వేస్తాం కాబట్టి మడతకు 10, పైన మార్జిన్ 1 అంగుళం. భుజం 14 అయితే సగం 7, దానికి వదులు కలపొద్దు, కుట్టు మార్జిన్ చాలు. చంక లోతు ఏడున్నర దగ్గర మొదలుపెట్టండి. తక్కువైతే తర్వాత కోసుకోవచ్చు, ఎక్కువ కోస్తే అతకలేం. ముందు వైపు చంక వంపు వెనక దానికంటే పావు నుంచి అర అంగుళం ఎక్కువ లోపలికి రావాలి. రెండూ ఒకేలా కోస్తే ముందు భాగంలో ముడతలు వస్తాయి.

కాటన్ అయితే కోసే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయాలి. దుబ్బాక చేనేత బట్టయినా, షాపు బట్టయినా ఇదే. 42 అంగుళాల టాప్ 5 శాతం కుంచించుకుపోతే 2 అంగుళాలు పోయినట్టే.

కుట్టిన టాప్‌ని సరిచేయాలంటే వరస ముఖ్యం. చాలామంది ముందుగా పక్క కుట్లు బిగిస్తారు. అది ఆఖరికి దగ్గర్లో చేయాల్సిన పని. మొదట భుజం చూడండి, ఎందుకంటే మిగతా టాప్ అంతా దాని మీదే వేలాడుతుంది. భుజం జారుతుంటే చెయ్యి విప్పి, పైన అర అంగుళం తీసి, చంక కిందికి వచ్చేసరికి సున్నా అయ్యేలా వంపు గీసి మళ్లీ అతకాలి. తర్వాత చంక, ఆ తర్వాత పక్కలు, చివరికి పొడవు. ముందు అంచు పైకి, వెనక అంచు కిందికి ఉంటే పొడవు తప్పు కాదు, ఛాతీకి బట్ట చాల్లేదని అర్థం. వచ్చేసారి ముందు భాగం ఒక అంగుళం పొడవు కోసి, ఆ అంగుళాన్ని పక్క డాట్‌లో తీసేయండి. బిగుతైతే మార్జిన్ విప్పుకోవచ్చు. రెండు పక్కలా ముందూ వెనకా కలిపి నాలుగు అంచులు. ఒక్కోదాంట్లో అర అంగుళం విప్పినా చుట్టుకొలత 2 అంగుళాలు పెరుగుతుంది. చేతి కింద కుట్టు కూడా అంతే విప్పాలి, లేకపోతే చంక దగ్గర కుదరదు.

అసలు కుట్టు వేసే ముందు కచ్చా కుట్టు వేసి తొడిగించండి. అద్దం ముందు నిలబడితే చాలదు. తక్బీర్‌కి ఎత్తినట్టు చేతులెత్తాలి, రుకూకి వంగాలి, సజ్దాకి వెళ్లాలి. మెడ తెరుచుకుందా, వీపు దగ్గర లాగిందా, కట్స్ దగ్గర నడుము కనిపిస్తోందా అన్నది ఆ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ముడతలు ఎటు చూపిస్తే అక్కడే బిగుతు.

ఆర్డర్లు తీసుకునేవాళ్లకు ఇది డబ్బు లెక్క కూడా. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన మిషన్లతో ఇంట్లోనే పని మొదలుపెట్టిన ఆడవాళ్లు మనలో ఉన్నారు. టాప్‌కి 300 రూపాయలు, 3 గంటల పని అనుకుందాం. గంటకు 100. ఫిట్టింగ్ బాగాలేదని వెనక్కి వచ్చి ఇంకో గంటన్నర పడితే, ఆల్టరేషన్‌కి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి, గంటకు 67కి పడిపోతుంది. కచ్చా ఫిట్టింగ్‌కి పావుగంట పోతే 92 దగ్గర ఆగుతుంది.

కలీల టాప్ అయితే ఇంకో మాట. ఏటవాలుగా కోసిన బట్ట వేలాడేకొద్దీ సాగుతుంది. అంచు మడవకుండా ఒక రాత్రి హ్యాంగర్‌కి వదిలేసి, పొద్దున్నే నేల నుంచి స్కేలుతో కొలిచి అప్పుడు కత్తిరించండి.