ఏడున్నర లక్షల బ్లాక్ అండ్ వైట్ కెమెరా: పెట్టిన డబ్బుకి వర్త్ ఉందా?

రంగులు తీయలేని కెమెరాకి రంగుల కెమెరా కంటే ఎక్కువ ధర! లైకా ఎం11 మోనోక్రోమ్ 2023 ఏప్రిల్‌లో 9,195 డాలర్లకి లాంచ్ అయింది. అప్పటి రేటు ప్రకారం, పన్నులు కాకుండానే, సుమారు ఏడున్నర లక్షలు. అదీ బాడీకే, లెన్స్ వేరే. ఇంతకీ ఇందులో అంత స్పెషల్ ఏముంది?

సెన్సర్‌లో తేడా

మామూలు సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి ఉంటుంది. మిగతా రెండు రంగుల్ని పక్క పిక్సెల్స్‌ని బట్టి కెమెరా లెక్కగడుతుంది. మోనోక్రోమ్ సెన్సర్‌లో ఆ ఫిల్టర్లే ఉండవు. అందుకే లైట్ ఎక్కువ అందుతుంది, నాయిస్ తగ్గుతుంది, డీటెయిల్స్ షార్ప్‌గా వస్తాయి. ఇది నిజమైన లాభమే.

మిర్చి కల్లం టెస్ట్

ఇప్పుడు మన పల్నాడుకి వద్దాం. ఈపూరు దగ్గర ఒక మిర్చి కల్లం ఊహించుకోండి. ముందు ఎర్రటి కాయలు, వెనక పచ్చటి చేను. బ్లాక్ అండ్ వైట్‌లో ఈ రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. రంగుల కెమెరాలో రా ఫైల్ తీసి ఉంటే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో ఎరుపు స్లైడర్ జరిపి కాయల్ని తెల్లగానో నల్లగానో చేసుకోవచ్చు.

మోనోక్రోమ్‌లో ఆ ఛాన్స్ లేదు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే కాయలు తెల్లగా మెరుస్తాయి, ఆకులు నల్లబడతాయి. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే రివర్స్. ఏది కావాలో క్లిక్ కొట్టకముందే తేల్చుకోవాలి. పైగా ఎర్ర ఫిల్టర్ లైట్‌ని బాగా తినేస్తుంది. సెన్సర్ వల్ల కలిసొచ్చిన లైట్ కాస్తా అక్కడే పోతుంది.

మరి లెన్సులు?

2012లో మొదటి ఎం మోనోక్రోమ్‌తో పాటే లైకా 50ఎంఎం ఏపీఓ లెన్స్‌ని కూడా ప్రకటించింది. ఏపీఓ లెన్స్ అన్ని రంగుల కాంతినీ దాదాపు ఒకేచోట ఫోకస్ చేస్తుంది. మామూలు లెన్స్‌లో ఆ తేడా రంగు అంచుల్లా కనిపిస్తుంది, మోనోక్రోమ్‌లో అయితే మసకగా మారుతుంది. కానీ ఎర్ర ఫిల్టర్ పెడితే మిగతా రంగులు చాలావరకు ఆగిపోతాయి కాబట్టి, మామూలు లెన్స్‌లోనూ ఆ మసక తగ్గుతుంది.

డబ్బు ఎక్కడికి పోతోంది?

రంగుల ఎం11 లాంచ్ ధర 8,995 డాలర్లు. మోనోక్రోమ్‌కి తేడా 200 డాలర్లే. పెంటాక్స్ కే-3 మార్క్ 3 దాదాపు 2,000 డాలర్లకి వస్తే, దాని మోనోక్రోమ్ వెర్షన్ 2,200కి వచ్చింది. ఇక్కడా 200 తేడానే! అంటే మీ లక్షలు పోయేది బ్లాక్ అండ్ వైట్‌కి కాదు, లైకాకి.

మా మాట

పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసి సంపాదించాలనుకుంటే దీని జోలికి వెళ్లకండి. కస్టమర్‌కి పట్టుచీర రంగు కావాలి. బ్లాక్ అండ్ వైట్ అంటే పిచ్చి ఉంటే, ఉన్న కెమెరానే మోనోక్రోమ్ మోడ్‌లో పెట్టి, రా ఆన్ చేసి నెల రోజులు తీయండి. ఆ నెలలో ఒక్కసారి కూడా రంగు ఫైల్ తెరవాలనిపించకపోతే, అప్పుడు పెంటాక్స్ గురించి ఆలోచించండి. లైకా సంగతి ఆ తర్వాత చూద్దాం.